ఎవలు ముట్టిండ్రు?

నా పొత్తికడుపు కోసి ఉంది. ఎడమ గజ్జకు కాస్త పైన, బెత్తెడు పొడవున. వెన్నులో మత్తుసూది ఇచ్చారు కాబట్టి బొడ్డు కింద నాకు శరీరం లేనట్టే ఉంది. పైన మాత్రం పూర్తి మెలకువ. ఛాతీకి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టారు. దాని అవతల ఏం జరుగుతోందో కనబడదు, వినబడుతుంది. కత్తెర ట్రేలో పడిన చప్పుడు, పెద్ద డాక్టరు విద్యార్థులకు చెబుతున్న పాఠం, ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. పేగు జారిన చోట లోపల పెట్టి కుట్టే వల ముక్కను మా దగ్గర జాలి అంటారు. ఇక జాలి పెట్టడమే మిగిలిందని డాక్టరు అన్నాడు.

అప్పుడు ట్రే పక్కనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఆగుండ్రి. ఎవలు ముట్టిండ్రు?"

పాఠం ఆగిపోయింది.

"ఏమైంది సిస్టర్?" అన్నాడు డాక్టరు.

"బయట ముట్టిన చెయ్యి లోపటికొచ్చింది సార్. ఎవలదో వాళ్లే చెప్పాలె."

ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో ఆ క్షణాన చప్పుడు చేస్తున్నది నా గుండె ఒక్కటే. దాన్ని ఒక యంత్రానికి తగిలించారు. అది కొట్టుకునే ప్రతిసారీ టిక్కుమని అందరికీ వినబడుతోంది. టిక్కులు దగ్గరవుతున్నాయి. నేను భయపడుతున్న సంగతి దాచుకునే వీలు కూడా లేదు.

"ఎవరూ ముట్టలేదట. కానిద్దాం సిస్టర్," అన్నాడు డాక్టరు.

"మంచిది సార్. ఎవలు ముట్టలే. గట్లయితే నేనే ముట్టిన. మొత్తం మార్చుండ్రి."

మొత్తం అంటే మొత్తం. పనిముట్లు, పరిచిన గుడ్డలు, అందరి గౌన్లు, గ్లవుజులు, విప్పిన జాలి. "సార్, మత్తు ఇంకో గంట కూడా ఉండదు," అని నా తల దగ్గరున్న మత్తు డాక్టరు అన్నాడు. "ఆ సంగతి సిస్టర్‌కు చెప్పండి," అన్నాడు పెద్ద డాక్టరు. ఆ మాటలో కోపం గుడ్డ దాటి నా దాకా వచ్చింది. కోసిన చోట తడిగుడ్డలు కప్పారు. అందరూ మళ్లీ చేతులు కడుక్కోవడానికి బయటికి పోయారు.

ఆమె పోయే ముందు గుడ్డ ఇవతలికి వచ్చింది. మాస్కుకూ టోపీకీ మధ్య రెండు కళ్లే కనబడ్డాయి. యాభై దాటిన మనిషి కళ్లు. గ్లవుజులు తీసేసి, ఒట్టి అరచేయి నా నుదుటి మీద పెట్టింది.

"భయమైతుందా అన్నా?"

"అవుతోంది."

"కావాలె. నాకు గూడ అయితుంది."

వెనక్కి తిరిగి తలుపును వీపుతో తోసుకుంటూ వెళ్లిపోయింది. కొత్త సరంజామా వచ్చి జాలి పెట్టి కుట్లు వేసేసరికి నా ఎడమ కాలి బొటనవేలు చిమచిమలాడడం మొదలైంది. చివరి మూడు కుట్లు నాకు తెలిశాయి. పళ్లు బిగబట్టి పడుకున్నాను. గాయం మానింది, చీము పట్టలేదు. ఇది ఆరేళ్ల కిందటి మాట.

ఆమె నిజామాబాద్ పెద్ద దవాఖానలో థియేటర్ సిస్టర్. ఆపరేషన్ బల్ల పక్కన ట్రే దగ్గర నిలబడడం ఆమె పని. డాక్టరు చెయ్యి చాపితే ఏ పనిముట్టు కావాలో అది ఇవ్వాలి. శుభ్రమైన దానికీ కాని దానికీ మధ్య గీత చెరగకుండా చూడాలి. ఆ గీత కంటికి కనబడదు. రోగి ఒంటి మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డ శుభ్రం, అదే గుడ్డ బల్ల అంచు దిగి కిందికి వేలాడితే ఆ వేలాడిన భాగం కాదు. డాక్టరు ఛాతీ శుభ్రం, వీపు కాదు. వైద్యవిద్యార్థులు పుస్తకాలన్నీ చదివి థియేటర్‌కు వస్తారు. అక్కడ వాళ్లకు మొదటి పాఠం ప్రొఫెసర్లు చెప్పరు. కత్తి ఎట్లా పట్టుకోవాలన్నది తర్వాతి సంగతి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్నది ముందు. అది ఆమె చెప్పేది.

విద్యార్థులు ఆమెకు పెట్టిన పేరు చెరుకాకు. ఆమె సొంతూరు రుద్రూర్. అక్కడివాళ్లకు ఆ పేరు విప్పి చెప్పనక్కర్లేదు. చెరుకు తోటలో నడిస్తే ఆకు అంచు ఎప్పుడు కోసిందో తెలియదు. చెమట తగిలినప్పుడు తెలుస్తుంది. ఆమె తిట్టు కూడా అంతే. థియేటర్లో నిలబడి ఆవలించిన కుర్రాడితో ఒకసారి, "నిద్రొస్తుందా బిడ్డా? బల్ల ఖాళీ అయితది, పండుకో. కొయ్యనీకె మనుషులున్నరు," అందట. ఆ కుర్రాడు నవ్వాడట. హాస్టల్‌కు పోయి మంచమెక్కాక గాని మాట లోపలికి దిగలేదట.

ఆపరేషన్ అయిన రెండు నెలలకు నేను ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. పత్రికలో పనిచేసే మనిషికి కృతజ్ఞతా, కుతూహలమూ విడివిడిగా ఉండవు. "శనివారం పగటికి రా అన్నా, బల్లలు ఖాళీగుంటయ్," అంది. పాత థియేటర్ ఒకటి వాడకం మానేసి సామాన్లు పడేసే గది చేశారు. అక్కడ ఆమె పసుపు పరీక్ష చూశాను.

విరిగిన బల్ల మీద ఒక పాత దుప్పటి. చుట్టూ ఆరుగురు విద్యార్థులు గౌన్లు, మాస్కులు, గ్లవుజులు వేసుకుని నిలబడ్డారు. జక్రాన్‌పల్లి నుంచి ఆడబిడ్డ పంపిన పసుపు ఒక స్టీలు డబ్బాలో ఉంది. ఒక్కొక్కరి గ్లవుజుల మీద చెంచాడు వేసి రుద్దుకోమంది.

"పెండ్లికూతుర్ని చేస్తున్నరా సిస్టర్?" అన్నాడు ఒకడు.

"నిన్నెవలు చేస్కుంటరు గని, చేతులు ఛాతి మీద పెట్టుకో. అద్దగంట నిలవడు. కత్తెర అడిగితే కత్తెరియ్యి, గుడ్డ అడిగితే గుడ్డియ్యి. వేరే ఏం ముట్టద్దు."

ముట్టకుండా అరగంట నిలబడడం పెద్ద పనేమీ కాదనిపించింది. నేను స్టూలు మీద కూర్చుని చూశాను. నేను చూసినంతలో ఎవరూ దేన్నీ ముట్టలేదు. అరగంటయ్యాక ఆమె కిటికీ తలుపులు తెరిచింది. వెలుతురు పడింది. ఒకడి ముక్కు మీద పసుపు. ఒకమ్మాయి చెవి వెనక పసుపు. కళ్లద్దాల కమ్మీ మీద, మోచేతి మీద, పక్కవాడి వీపు మీద, బల్ల అంచు కింద, ఎవరూ చెయ్యి పెట్టే పనే లేని లైటు స్విచ్చు మీద. పెండ్లికూతురు మాట అన్నవాడి మెడ చుట్టూ పసుపు మరక ఉంది. మిగతావాళ్లు నవ్వారు, వాడు మాత్రం నవ్వలేదు.

"సూస్తిరా? మీ చెయ్యి ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో మీకే ఎరుక లేదు," అంది. "అది మీ చెయ్యేనా, ఇంకెవలదన్ననా?"

కళ్లద్దాలు పెట్టుకున్న ఒకమ్మాయి, "నేను ముట్టలేదు సిస్టర్, ఒట్టు," అంది. ఆమె చెవి వెనక అంత వెడల్పున పసుపు ఉంది.

"నువ్వు అవద్దమాడ్తలేవు బిడ్డా. నీకు తెల్వదు. తెల్వనోడే భయపడాలె. ముట్టిన అని అనుమానమొస్తే నోరు తెరిచి చెప్పాలె. చెప్పినోని గ్లవుజు మారుతది, అంతే. చెప్పనోని తోని మనిషి మారుతడు. బతికున్నోడు పీనిగైతడు."

నేను కెమెరా తీశాను. ఆమె చేయి అడ్డం పెట్టింది. "ఫోటో వద్దన్నా. రేపు పేపర్ల చూసి పసుపు పూసి ఆపరేషన్ చేసే దవాఖాన అంటరు. ఉన్న పేరు చాలు." నేను రాయలేదు.

థియేటర్ బయట కూడా ఆమె చేతులు ఆ గీతలోనే ఉండేవి. ఎక్కడ నిలబడినా రెండు చేతులూ మడిచి ఛాతీకి ఆనించుకునేది. చూసేవాళ్లు పొగరనుకునేవారు, కొందరు దండం పెడుతోందనుకుని తిరిగి దండం పెట్టేవారు. కూరగాయల మార్కెట్‌లో వంకాయలు ముట్టి ఎంచేది కాదు. గడ్డంతో చూపించేది. "నీకు చేతుల్లేవా అక్కా?" అని అమ్మేవాడు అడిగితే, "ఉన్నయ్, డ్యూటీ మీదున్నయ్," అనేది. రుద్రూర్‌లో తన సొంత ఇంటి తలుపు కూడా వీపుతోనే తోసి వెనక్కి నడుస్తూ లోపలికి పోయేదట. అత్త బతికున్నంతకాలం అందుకు తిట్టేదట, లక్ష్మి వెనకడుగులతో రావడమేమిటని.

నా ఆపరేషన్ జరిగిన ఏడాదికి కాబోలు, బోధన్ బస్సులో కనబడింది. ఎడపల్లి దాటాక చెరుకు ట్రాక్టర్ల వెనక చిక్కుకుని బస్సు నడక వేగంతో పోతోంది. ఆమె పక్కసీటు ఖాళీ అయితే కూర్చున్నాను. ఏడాదిగా నమిలి మింగలేకుండా ఉన్న ప్రశ్న ఒకటి అడిగాను.

"అక్కా, ఆ రోజు నిజంగా ఎవరైనా ముట్టారా?"

"ఏ రోజు?"

"నా కడుపు కోసి పెట్టిన రోజు."

"ఓ, గా రోజా," అని కిటికీలోంచి చూసింది. ముందు ట్రాక్టరు నుంచి జారిన చెరుకుగడ కోసం ఇద్దరు మోటారు సైకిలు ఆపి రోడ్డు మీద కొట్లాడుకుంటున్నారు.

"నువ్వు చూశావా? చూస్తే ఎవరు?"

"పేపరోళ్లకు పేర్లు గావాలె."

"పేరు వద్దు. చూశావా లేదా చెప్పు. లేకపోతే పిల్లలకు భయం నేర్పడానికి అడిగావా? నన్ను బల్ల మీద పెట్టి?"

నా గొంతు కొంచెం లేచింది. వెనక సీటువాళ్లు చూశారు. ఆమెకు కోపం రాలేదు. చేతులు ఇంకాస్త దగ్గరగా ముడుచుకుంది.

"అన్నా, నేను సూసింది చెప్తే ఒక్కడే భయపడ్తడు. మిగిలినోళ్లు నేను గాదులే అని ఇంటికి పోయి నిద్రపోతరు."

"అది జవాబు కాదు."

"కాదు," అంది. బోధన్‌లో దిగేటప్పుడు, "చీము పట్టలే గదా?" అని అడిగింది. పట్టలేదన్నాను. తల ఊపి వెళ్లిపోయింది.

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. పిల్లలకు మంచి పాఠమే కావచ్చు. ఆ పాఠం నడుస్తున్నంతసేపు పలక మాత్రం నేను.

ఆమె పోయిన నెల చనిపోయింది. డ్యూటీ దిగి బస్సెక్కి రుద్రూర్ స్టేజీ దగ్గర దిగి, నాలుగడుగులు వేసి కూలబడిందట. గుండె. పదకొండో దినానికి నేను వెళ్లాను. ఇంటి ముందు టెంటు వేశారు. భోజనాలకు ముందు చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోతే అక్కడ వరస కదలడం లేదు. ముందు ఏడెనిమిది మంది పడుచు డాక్టర్లు. ఒక్కొక్కరూ వేళ్ల సందులు, గోళ్ల చివర్లు, మణికట్టు, మోచేతి దాకా రుద్ది కడుగుతున్నారు. కడిగాక చేతులు పైకెత్తి, నీళ్లు మోచేతుల మీంచి కారేలా పట్టుకుని నిలబడుతున్నారు. తుడుచుకోవడానికి దేన్నీ ముట్టడం లేదు. వెనక ఉన్న ఊరి పెద్దాయనకు ఓపిక పోయింది.

"ఏం సార్లూ, బువ్వ తింటరా, బువ్వను కోస్తరా? జర జరుగుండ్రి!"

అందరూ నవ్వారు. డాక్టర్లు నవ్వి, ఎత్తిన చేతుల్ని చూసుకుని, ఏం చేయాలో తెలియక అట్లాగే నిలబడ్డారు.

వాళ్లలో ఇద్దరు నన్ను గుర్తుపట్టారు. ఒకతను నా ఆపరేషన్ నాడు హౌస్ సర్జన్, ఇప్పుడు బోధన్‌లో ఆసుపత్రి పెట్టుకున్నాడు. అమ్మాయి అప్పుడు చివరి సంవత్సరం చదువుతోంది, ఇప్పుడు అదే పెద్ద దవాఖానలో సర్జన్. ఆ రోజు గ్లవుజులు వేసుకుని బల్ల దగ్గర నిలబడింది నలుగురు. పెద్ద డాక్టరు, సిస్టర్, వీళ్లిద్దరూ.

విస్తరి ముందు కూర్చున్నాక అతను నా వైపు వంగి, గొంతు తగ్గించి అన్నాడు.

"సార్, మీకు ఒక మాట చెప్పాలె. ఆరేళ్ల నుంచి మోస్తున్న. ఆ రోజు ముట్టింది నేనే. చెమటకు కళ్లద్దాలు జారుతుంటే చెయ్యి పైకి పోయింది. మాస్కుకు తగిలిందో లేదో తెల్వది. తగిలిందనే అనుకుంటున్న."

అవతలి వైపు కూర్చున్న అమ్మాయి చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది.

"నువ్వు గాదు," అంది. "నేను. కోసిన కాడ విప్పి ఉంచే హుక్కు పట్టుకుని పట్టుకుని చెయ్యి తిమ్మిరెక్కింది. బల్ల అంచు కిందికి జారింది. మళ్లా పైకి తెచ్చిన."

"నువ్వు నా ఎదురుగనే ఉన్నవ్. నీ చెయ్యి కిందికి పోవుడు నేను సూడలే."

"నీ చెయ్యి మాస్కు దాకా పోయింది నేను చూసిన్నా? లేదు గదా."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?" అన్నాడు అతను.

"నువ్వెందుకు చెప్పలే?"

ఇద్దరూ నన్ను చూశారు. ఇంకెవరి కడుపైనా అయితే నవ్వి తేల్చేసేవాణ్ణి. తెలియకుండానే నా చెయ్యి ఎడమ గజ్జ దగ్గరి పాత మచ్చ మీదికి పోయింది. ఆ ఒక్క ముట్టుడు నాదంటే నాదని చెప్పినవాళ్లు చనిపోయిన మనిషితో కలిపి ముగ్గురయ్యారు. ముగ్గురిలో ఎవరిది నిజమో తేల్చగలిగిన మనిషి ఫోటోకు దండ వేసి ఉంది. ఫోటోలో కూడా ఆమె చేతులు ఛాతీ మీదే ఉన్నాయి.

పెద్ద డాక్టరు ఆ దినానికి రాలేదు. రిటైరై ఎక్కడో ఉన్నాడన్నారు. ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆ రోజు ఆమె అడిగింది ఆయన్ను కూడా కలిపేనని ఇప్పుడు గుర్తొస్తోంది. "ఎవరూ ముట్టలేదట" అని జవాబిచ్చింది ఆయన.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం నా కుడి గజ్జ. రెండు నెలలుగా అక్కడ నిమ్మకాయంత ఉబ్బు. దగ్గితే పెద్దదవుతోంది. భోజనాలయ్యాక ఆ అమ్మాయిని పక్కకు పిలిచి చెప్పాను. మర్నాడు దవాఖానకు రమ్మంది. వేళ్లతో నొక్కి చూసింది, దగ్గమంది.

"ఇటు గూడ జారింది అంకుల్. ఆగితే మంచిది గాదు. గురువారం చేద్దాం."

"ఎవరు చేస్తారు?"

"నేనే. వద్దంటే వేరేవాళ్లకు చెప్త. మీరు విన్నది విన్నరు గదా, నేనేమనుకోను."

ఆమె ముఖంలోకి చూశాను. మొహమాటం లేదు, భయం ఉంది. అది నన్ను ఊరడించాలో బెదరగొట్టాలో తేలలేదు. నువ్వే చెయ్యమన్నాను. తర్వాత ఒక్కటి అడిగాను.

"ట్రే దగ్గర ఎవరుంటారమ్మా?"

"సిస్టర్ జాగాల ఇంకెవ్వరిని వెయ్యలే అంకుల్. ఒక్కొక్క రోజు ఒక్కొక్కరొస్తున్నరు. ఎవరో ఒకరుంటరు."

"అడుగుతారా వాళ్లు?"

ఏం అడగడమని ఆమె అనలేదు. చేతులు మడిచి ఛాతీకి ఆనించుకుంది. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు.

గురువారం పొద్దున ఏడింటికి ఖాళీ కడుపుతో రమ్మన్నారు. కాగితాల పని కోసం బుధవారం మధ్యాహ్నం ఒకసారి వెళ్లి వచ్చాను. థియేటర్ బయట గోడకు మర్నాటి డ్యూటీ కాగితం అంటించి ఉంది. నా పేరు రెండో వరసలో ఉంది. సర్జన్ పేరు రాశారు, మత్తు డాక్టరు పేరు రాశారు. ట్రే దగ్గర నిలబడే మనిషి పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.